ఎవరు రాసిన రాత?

మా ఊరిని జనం వాయల్పాడు అంటారు, కాగితాల్లో వాల్మీకిపురం. వాల్మీకి తపస్సు చేసింది ఇక్కడేనని, ఆయన మీద పుట్ట పెరిగింది ఈ నేలమీదేనని పెద్దవాళ్లు చెప్తారు. దాన్ని తేల్చే పని నేను పెట్టుకోను. గుళ్లో ఉన్న స్వామి మాత్రం పట్టాభిరాముడు. అంటే కిరీటం పెట్టుకున్న రాముడు. శ్రీరామనవమి రోజుల్లో బ్రహ్మోత్సవాలకు చుట్టుపక్కల ఊళ్లన్నీ వచ్చి ఆయన్ను చూసి దండం పెట్టుకుపోతాయి. నాకు ఆ కిరీటం చూసినప్పుడల్లా అయోధ్యలో ఆగిపోయిన మొదటి పట్టాభిషేకమే మనసులో మెదులుతుంది. విధి ఉందా లేదా అని మనం రచ్చబండల మీద చేసే వాదనంతా ఆ ఒక్క పొద్దున అన్నదమ్ముల మధ్య జరిగిపోయింది.

అయోధ్యకాండలో ఆ ఘట్టం చాలామంది గబగబా దాటేస్తారు. వనవాసం మాట వినగానే లక్ష్మణుడు మండిపడతాడు. రాముడు అతన్ని శాంతపరుస్తూ, కైక ఇన్నాళ్లూ తనను భరతుడితో సమానంగా చూసుకుందని, అలాంటి తల్లి నోట ఇలాంటి మాట రావడం విధి పని తప్ప మరొకటి కాదని అంటాడు. ఫలితం కనబడితే తప్ప విధి కనబడదు, కనబడనిదానితో పోరాడేదెవరని అడుగుతాడు. లక్ష్మణుడు ఊరుకోడు. విధి అని చేతులు ముడుచుకునేది చేతకానివాళ్లేనని, మనిషి బలం ఎంతో విధి బలం ఎంతో ఇవాళ లోకం చూస్తుందని ఎదురు చెప్తాడు. కైక, దశరథుడు కలిసి చేసిన పనికి విధి పేరు పెడతావేమిటన్నది అతని అసలు అభ్యంతరం.

దీనికి రాముడు ఏం జవాబు చెప్పాడన్నది ముఖ్యం. తమ్ముడి కన్నీళ్లు తుడిచి, నేను తండ్రి మాట మీద నిలబడ్డాను, ఇదే మంచి దారి అన్నాడు. అంతే. విధి ఊసు మళ్లీ ఎత్తలేదు. కైక చేసినదానికి విధిని అడ్డం పెట్టాడు కానీ, తాను చేయబోయేదానికి పెట్టలేదు. అడవికి పోవడం తన నిర్ణయం. కైకను ద్వేషించకుండా ఉండటానికి విధి అనే మాట అతనికి అక్కరకొచ్చింది. ఆ పని అయిపోగానే దాన్ని పక్కన పెట్టేశాడు.

అరణ్యకాండకు వచ్చేసరికి పాత్రలు తారుమారవుతాయి. సీత కనబడక రాముడు లోకాలన్నిటినీ తగలబెట్టేస్తానంటాడు. ఇప్పుడు లక్ష్మణుడి వంతు. దేవతలకు కూడా విధి తప్పలేదన్నా, కష్టాలు ఎవరికి రావని ఓదారుస్తాడు. అప్పుడు విధిని పిరికివాళ్ల మాటన్నవాడే ఇప్పుడు దాన్ని మందులా వాడాడు. అయితే అక్కడితో ఆగలేదు, లే, శత్రువెవరో వెతుకుదాం అన్నాడు. ఏడుపుకు విధి, వెతకడానికి కాళ్లు. ఈ రెంటినీ కలపకుండా ఉండటమే వాల్మీకి చూపించిన వివేకమని నాకు అనిపిస్తుంది.

ఇది పురాణంలో తేలిక. మా పడమటి మండలాల్లో బోరు దగ్గర నిలబడితే అంత తేలిక కాదు.

వాయల్పాడు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపంతా గట్టి రాయి. నీళ్లు రాతిలో ఉండవు, రాతి పగుళ్లలో ఉంటాయి. ఆ పగులు మీ గెనిమకు ఇవతల ఉందా అవతల ఉందా అన్నదాని మీద మీ బతుకు ఆధారపడుతుంది. అందుకే రైతు భూగర్భ శాస్త్రం చదివినవాణ్నీ పిలుస్తాడు, అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేను తిరిగేవాణ్నీ పిలుస్తాడు. మా ఊరికి దగ్గరలో ఒక రాత్రి బోరు వేస్తుంటే నేనూ పోయి నిలబడ్డాను. రిగ్గు చప్పుడుకు పక్కవాడి మాట వినబడదు. గుంతలోంచి బూడిదలాంటి దుమ్ము లేచి లైటు వెలుతురులో తిరుగుతోంది. దుమ్ము రంగు మారిందంటే ఆశ. తడి మట్టి వచ్చిందంటే పండగే. ఏడు వందల అడుగులైనా దుమ్మే. రిగ్గు కుర్రాడు మిషను ఆపి, "అన్నా, ఇంకో నూరు పోదామా?" అన్నాడు.

రైతు వెనక్కి తిరిగి భార్యను చూశాడు. ఆమె గట్టు మీద కొంగు కప్పుకుని కూర్చోనుంది.

"చాలు, ఆపించు. పాపకు ఫీజు కట్టాల," అందామె.

"ఇంత దూరం వచ్చినాం. రాసిపెట్టి ఉంటే ఈ నూరులో పడతాయిలే."

ఆ నూరు అడుగుల్లోనూ దుమ్మే వచ్చింది. ఆయన మిషనుకు దూరంగా పోయి, "మన రాత అంతే," అన్నాడు. ఆమె మాత్రం రాత మాట అనలేదు. లేచి లైటు తీగ చుట్టడం మొదలుపెట్టింది.

ఆయన్ను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ ఇంకో నూరు వేయించేవాణ్నే. కానీ ఆ ఒక్క 'రాత'లో ఎన్ని ఇమిడిపోయాయో చూడండి. ఆ చేను కింద పగులు లేకపోవడం ఎవరి తప్పూ కాదు. దాన్ని విధి అనుకుంటే అనుకోవచ్చు. చివరి నూరు అడుగులు ఆయన నిర్ణయం, అది కూడా ఆపమన్న మనిషి ఎదురుగా ఉండగా తీసుకున్నది. ఇక నీళ్లు అంత లోతుకు ఎందుకు పోయాయన్నది మూడో సంగతి. చెరువులు పూడిపోతుంటే చూస్తూ ఊరుకున్నాం, వంకలు ఆక్రమించుకుంటే నోరు మెదపలేదు, పక్కవాడు బోరు వేస్తే వాడికంటే లోతుగా మనం వేశాం. దేవుడి పని, తన పని, ఊరంతటి పని కలిపి ఆయన నుదుటి మీదే రాసుకున్నాడు.

టమోటాలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 2023 జూలై చివర్లో మదనపల్లె మార్కెట్లో మేలురకం కిలో రెండు వందల దగ్గరకు పోయింది. ఆ రోజుల్లో కోత పడినవాళ్లు అప్పులు తీర్చుకున్నారు. సెప్టెంబరుకల్లా ధర నేలమీదికొచ్చింది. అదే నారు, అదే మందు, అదే చెమట, నాటిన తేదీల మధ్య కొన్ని వారాల తేడా. జూలైలో అమ్ముకున్నవాడు కష్టపడ్డాడు, సందేహం లేదు. సెప్టెంబరులో అమ్ముకున్నవాడూ అంతే కష్టపడ్డాడు. కాబట్టి 'నా కష్టమే నన్ను ఇంతవాణ్ని చేసింది' అనేవాళ్ల మాట వినేటప్పుడు నాకు మదనపల్లె మార్కెట్టు గుర్తొస్తుంది. మరో పక్క, పండు ఎక్కువ రోజులు నిలవదని తెలిసీ దాన్ని నిలవ చేసే చోటు, పల్ప్ తీసే ఫ్యాక్టరీ సరిపడా కట్టకపోవడం విధి కాదు. అది కొందరు కుర్చీల్లో కూర్చుని తీసుకున్న, తీసుకోకుండా వదిలేసిన నిర్ణయాల ఫలితం.

విధికీ మనుషుల నిర్ణయానికీ మధ్య గీత గీసి చూపించిన మనిషి మాకు పక్కనే పుట్టింది. గుర్రంకొండ మండలం తరిగొండలో 1730లో పుట్టిన వెంగమాంబ. చిన్నప్పుడే పెళ్లి, ఆ వెనకే వైధవ్యం. ఆ కాలంలో భర్త పోతే తల గొరిగించాలి, బొట్టు తుడిచేయాలి, ఒక మూల కూర్చోవాలి. ఇదంతా కర్మఫలమనే చెప్పేవారు. వెంగమాంబ ఒప్పుకోలేదు. నా భర్త వేంకటేశ్వరుడు, నేను ముత్తైదువనని నిలబడింది. పెద్దలు పీఠాధిపతిని పిలిపించినా ఆమె వెనక్కి తగ్గలేదని, గొరిగించిన జుట్టు నీళ్లలో మునిగి లేచేసరికి మళ్లీ వచ్చిందని కథలు చెప్తారు. జుట్టు మహిమ సంగతి భక్తులకు వదిలేద్దాం. నాకు ఆశ్చర్యం కలిగించేది ఆమె తెలివి. భర్త చావును ఆమె ఆపలేదు, దాన్ని కాదనలేదు. కానీ మంగలి కత్తి తెచ్చింది విధి కాదని ఆమెకు తెలుసు. అది ఊరివాళ్లు తెచ్చింది. విధి పేరు చెప్పి మనుషులు తెచ్చినదాన్ని మనుషులకే తిప్పి పంపేసింది. తర్వాత తిరుమల చేరి, 1817లో కన్నుమూసే దాకా రాస్తూనే ఉంది. ఈనాటికీ ఏకాంతసేవలో తరిగొండ వారి ముత్యాల హారతి తప్పనిసరి. కొండ మీద లక్షలాది మంది భోంచేసే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు. మూల కూర్చోమన్న మనిషి పేరు మీద పంక్తులు సాగుతున్నాయి.

ఆమె రాసిన పుస్తకాల్లో వాసిష్ఠ రామాయణం ఒకటి, యోగవాసిష్ఠానికి తెలుగు ద్విపద. ఆమె దాన్నే ఎంచుకోవడం కాకతాళీయమని నేననుకోను. యోగవాసిష్ఠంలో రాముడు ఇంకా కుర్రవాడు. తీర్థయాత్రల నుంచి తిరిగొచ్చి, ఏమీ పట్టనట్టు కూర్చుంటాడు. వసిష్ఠుడు అతనికి మొదట చెప్పే పాఠాల్లో పౌరుషం గురించినది ఒకటి. దైవమంటూ విడిగా ఏదీ లేదు, నిన్నటి నీ ప్రయత్నమే ఇవాళ నీకు దైవంగా కనబడుతోందని అంటాడు. పాత ప్రయత్నం, కొత్త ప్రయత్నం రెండు పొట్టేళ్లలా ఢీకొంటాయి, బలమైనది గెలుస్తుందన్నది ఆయన పోలిక. సంక్రాంతికి పొట్టేళ్ల పందెం చూసినవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు. పాత పొట్టేలు బలిసి ఉంటే కొత్తది ఓడిపోవచ్చు. కానీ బరిలో దిగనిదే ఏది బలమైనదో తెలియదు.

వసిష్ఠుడి మాట నాకు నచ్చుతుంది, కానీ మొత్తం మింగుడుపడదు. నా దైవమంతా నా పాత ప్రయత్నమే అయితే, బోరు వేసిన రైతు చేను కింద పగులు లేకపోవడం కూడా ఆయన పాత పాపమే అవుతుంది. పుట్టిన కులం, పుట్టిన ఊరు, పుట్టిన ఒళ్లు అన్నీ ఆయన లెక్కలోకే పోతాయి. వెంగమాంబకు వైధవ్యం పూర్వజన్మ ఫలమన్నవాళ్లు ఇదే తర్కం వాడారు. ఒకే సిద్ధాంతం ఒకరి చేతిలో లేవడానికి ఊతకర్ర, ఇంకొకరి చేతిలో ఎదుటివాణ్ని కూర్చోబెట్టే బెత్తం. తేడా సిద్ధాంతంలో కంటే దాన్ని పట్టుకున్న చేతిలో ఎక్కువ ఉంది. ఈ విషయంలో భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం లెక్క నాకు న్యాయంగా తోస్తుంది. ఏ పనికైనా ఐదు కారణాలు చెప్పి, దైవాన్ని అయిదోదిగా పెడుతుంది. ఆధారమైన శరీరం, చేసేవాడు, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, వాటి తర్వాతే దైవం. దైవానికి చోటుంది, కానీ ఇల్లంతా రాసివ్వలేదు.

ఇక మదనపల్లెకు రండి. అక్కడ 1895 మే నెలలో జిడ్డు నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు ఎనిమిదో సంతానం పుట్టాడు. కృష్ణుడూ ఎనిమిదోవాడే కదా, కృష్ణమూర్తి అని పేరు పెట్టారు. కుమార శ్రౌతులు అనే జ్యోతిష్కుడు జాతకం వేసి, ఈ పిల్లవాడు చాలా గొప్పవాడవుతాడన్నాడు. బడిలో అయ్యవార్లకు మాత్రం మందబుద్ధిలా కనిపించాడు. 1909లో మద్రాసు అడయారు సముద్రపు ఒడ్డున లెడ్‌బీటర్ అనే దివ్యజ్ఞాన సమాజం నాయకుడు ఈ కుర్రాణ్ని చూసి, లోకానికి రాబోయే జగద్గురువు వీడేనన్నాడు. 1911కల్లా అతని కోసం ఒక అంతర్జాతీయ సంఘమే పుట్టింది. పిల్లల్ని తన సంరక్షణలోకి తీసుకున్న సమాజం అధ్యక్షురాలు అనీబిసెంటు మీద, కొడుకుల కోసం తండ్రి దావా వేశాడు. మద్రాసు హైకోర్టులో గెలిచాడు, 1914లో లండన్ ప్రీవీ కౌన్సిల్లో ఓడిపోయాడు. పిల్లల ఇష్టం ఏమిటో తెలుసుకోలేదే అన్నది ఆ తీర్పులో ఒక మాట. జాతకం రాసినవాడూ, జగద్గురువన్నవాడూ, దావా వేసినవాడూ అడగని ప్రశ్నను ఎక్కడో సముద్రాల అవతల కూర్చున్న న్యాయమూర్తులు అడిగారు.

ఆ తర్వాత తమ్ముడు నిత్యానందకు క్షయ. అతను బతుకుతాడని, అతనితో పని ఉందని కంటికి కనబడని మహాత్ములు హామీ ఇచ్చారని చుట్టూ ఉన్నవాళ్లు నమ్మించారు, కృష్ణమూర్తీ నమ్మాడు. 1925 నవంబరులో ఆయన ఓడలో ఇండియాకు వస్తుండగా సూయజ్ దగ్గర తమ్ముడి చావు కబురు అందింది. నాలుగేళ్ల తర్వాత, 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో మూడు వేల మంది అనుచరుల ముందు నిలబడి, నా కోసం పెట్టిన ఈ సంఘాన్ని రద్దు చేస్తున్నానన్నాడు. వచ్చిన ఆస్తులను ఇచ్చినవాళ్లకు తిరిగి ఇచ్చేయించాడు. సింహాసనం వేసి, కిరీటం చేయించి, కూర్చోమంటే లేచి వెళ్లిపోయిన మనిషి అతను. మా గుళ్లో పట్టాభిరాముడికి అటువైపు కొసన నిలబడ్డాడనిపిస్తుంది.

మరి జాతకం ఫలించిందా, తప్పిందా? జ్యోతిషం నమ్మేవాళ్లు, గొప్పవాడయ్యాడుగా, ఫలించింది అంటారు. జగద్గురువవుతాడన్నవాళ్లలో కొందరు, అరవై ఏళ్లు దేశదేశాల్లో బోధించాడుగా, మేం చెప్పిందే జరిగింది అంటారు. ఆయన ఆ కిరీటం ఒప్పుకుని ఉన్నా ఇదే మాట అనేవారు. ఏం జరిగినా 'అదే రాసుంది' అనగల సిద్ధాంతాన్ని ఓడించడం ఎవరి తరమూ కాదు. ఫలితం వచ్చాక తప్ప విధి కనబడదని రాముడు చెప్పింది ఇదే. కనబడేసరికి పని అయిపోయి ఉంటుంది. అలాంటిది ఓదార్పుకు పనికొస్తుంది కానీ, రేపు పొద్దున ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. అలాగని కృష్ణమూర్తిని స్వేచ్ఛా సంకల్పం జట్టులో చేర్చేసుకోనూ లేం. ఇదా అదా అని ఎంచుకోవడమే స్వేచ్ఛ అని మనం పొరపడుతున్నామని, స్పష్టంగా చూసేవాడికి ఎంచుకునే పనే ఉండదని ఆయన జీవితాంతం చెప్పాడు. సంకల్పబలం గురించి గట్టిగా మాట్లాడమంటే నవ్వి ఊరుకునేవాడేమో.

పడమటి దేశాల్లోనూ ఈ తగాదా తెగలేదు. అణువణువు స్థితీ తెలిసిన బుద్ధి ఒకటుంటే రాబోయేదంతా లెక్కగట్టేయగలదని 1814లో ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ అన్నాడు. అదే నుదుటిరాత, బ్రహ్మ బదులు భౌతికశాస్త్రం రాసింది. 1983లో అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ ప్రయోగాల్లో మరో చిక్కు బయటపడింది. చేయి కదపాలని మనిషి అనుకున్నానని చెప్పే క్షణానికి ముందే, సెకనులో మూడో వంతు ముందే, మెదడులో కదలిక మొదలైంది. దాని అర్థమేమిటన్నదాని మీద తర్వాతి పరిశోధకులు గట్టిగానే విభేదించారు. లిబెట్ కూడా ఒక సందు వదిలాడు. మొదలైన కదలికను చివరి క్షణంలో వద్దని ఆపగల శక్తి మనిషికి మిగిలే ఉందన్నాడు.

ఈ 'వద్దు' దగ్గర నాకు మా ప్రాంతం మనుషులిద్దరూ ఒకచోట కలిశారు. వెంగమాంబ కత్తిని వద్దంది. కృష్ణమూర్తి కిరీటాన్ని వద్దన్నాడు. ఏడు వందల అడుగుల దగ్గర ఆపమన్న ఆ తల్లీ వద్దనే అంది, కాకపోతే ఆమె మాట చెల్లలేదు. తల్లిదండ్రులు, ఊరు, రక్తం, రాయి, వాన అన్నీ కలిసి మనల్ని ఒకవైపు తోస్తుంటాయి. వాటిలో దేన్నీ మనం ఎంచుకోలేదు. మన స్వేచ్ఛ పెద్దదేమీ కాదు. ఆ తోపుకు ఒకసారి అడ్డంగా నిలబడగలగడమంత. ఉన్నది అంతే అయినా, దానితోనే ఒకామె కొండెక్కింది, ఒకాయన కొండంత సంఘాన్ని దించేశాడు.

రామాయణం చివర్లో ఇంకో మాట ఉంది. రావణవధ అయ్యాక రాముడు సీతతో, విధి తెచ్చిన దోషాన్ని మనిషిగా నేను జయించానంటాడు. లక్ష్మణుడు మొదటి రోజు కోరుకున్నది అదే. కానీ ఆ నోటితోనే, నీ ఇష్టం వచ్చిన చోటికి పొమ్మనీ అంటాడు. ఆ రోజు సీత నిప్పుల్లోకి నడవడం విధి కాదు. ఎదురుగా నిలబడిన భర్త మాట. విధిని గెలిచినవాడు కూడా ఇంకొకరికి విధిగా మారగలడని వాల్మీకి దాచకుండా రాశాడు.

అందుకే, విధి ఉందా లేదా అని ఎవరైనా నన్నడిగితే, ఎవరి గురించి అడుగుతున్నారో చెప్పమంటాను. మీరు గెలిచిన రోజున విధి ఉందనుకోండి, జూలైలో టమోటా అమ్ముకున్నవాడిలా, గర్వం తగ్గుతుంది. చేయగలిగిందంతా చేసి ఓడిపోయిన రాత్రి కూడా ఉందనుకోండి, నిద్ర పడుతుంది. తెల్లవారి పనికి బయలుదేరేటప్పుడు మాత్రం లేదనుకోండి. పక్కవాడి కష్టం చూసి వాడి రాత అనాలనిపిస్తే, ఒక్క క్షణం ఆగి అది ఎవరు రాశారో కనుక్కోండి. చాలాసార్లు రాసినవాళ్లకు పేరుంటుంది, కుర్చీ ఉంటుంది, కొన్నిసార్లు అందులో మన సంతకమూ ఉంటుంది. మనుషులు రాసినదాన్ని మనుషులు కొట్టేయవచ్చు.